కట్టడపు పనివారి మనోభారము

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులకు "మా నాయన చేయు పని" అను విషయమును గూర్చి వ్యాసము వ్రాయుమని చెప్పితిమి. సేద్యమును గూర్చి వ్రాసినవారు కొందరు, అంగడిని గూర్చి వ్రాసినవారు కొందరు. ఒక బాలుడు మాత్రము రెండు వాక్యములతో ముగించెను: "మా నాయన బెంగళూరులో బిల్డింగు పని చేస్తాడు. ఇంటికి వస్తే ఎవరితో మాట్లాడడు." అక్షరదోషములను ఎఱ్ఱసిరాతో దిద్దుట మాకు అలవాటు. ఆ రెండు వాక్యములలో దోషమేమియు లేదు. రెండవ వాక్యము ప్రక్కన ఏమి వ్రాయవలెనో మాకు తోచలేదు. ఊరక తేదీ వేసి సంతకము చేసి యిచ్చితిమి. నాడు వ్రాయలేకపోయిన దానిని ఇప్పుడు కొంతవరకైనను వ్రాయ యత్నించుచున్నాము.

మన హచ్చొళ్ళి ప్రాంతమున వరిమడి ఉన్నంత కాలము చేతికి పని ఉండును. కాలువలో నీరు తగ్గిన యేడు బస్సులు నిండిపోవును. బళ్ళారికి, హోసపేటకు, బెంగళూరుకు మనవారు వలస పోవుదురు. పోయినవారిలో అధికులు చేరునది కట్టడపు పనిలోనే. బేల్దారి మేస్త్రీలు, సెంట్రింగు కట్టువారు, ఇనుప కడ్డీలు వంచువారు, తట్ట మోయు స్త్రీలు కలరు. ఈ మధ్య డిప్లొమాయో ఇంజనీరింగో చదివి సైటు ఇంజనీర్లైన మన పూర్వ విద్యార్థులు కూడ కొందరున్నారు. వీరందరి శరీరశ్రమ మనకు కంటికి కనబడుచున్నది. కనబడని శ్రమ వేరొకటి కలదు.

కట్టడపు పనిలో ఎవరి బరువు వారిదే. ఇంజనీరునకు నక్షా బరువు, గడువు బరువు. తాను చేసిన చిన్న లెక్క తప్పైనచో పదేండ్ల తరువాతనైనను ఎవరి తలమీదనో పడునేమో యను భయము. మేస్త్రీకి తన గుంపు బరువు. పైనుండి బిల్లు రాకున్నను శనివారము నాటికి తన క్రింది పదిమందికి బట్వాడా చేయవలెను. కూలివానికి ముందుగా తీసికొనిన అడ్వాన్సు బరువు. మన పొరుగుననే యున్న పాలమూరు జిల్లా కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశము నలుమూలలకు పోయి ఆనకట్టలు కట్టిరని పెద్దలు చెప్పగా వినియుందురు. వారి చేతిపని కీర్తి యెంతటిదో, ఆ యడ్వాన్సు తీరువరకు విడిచి రాలేని కట్టుబాటును అంతటిదే. వీనికి తోడు ఎత్తున నిలిచి చేయు పనిలోని ప్రాణభయము, బళ్ళారి యెండ, తాత్కాలికపు రేకుల గుడిసెలో నిద్ర, ఇంటికి దూరము, తెలియని భాష. ఒక కట్టడము ముగిసిన మరునాడు పని యెక్కడనో తెలియని అనిశ్చయము అన్నిటికంటె మిక్కిలి.

భయము కలిగినపుడు గుండె వేగముగా కొట్టుకొనుట, కండరములు బిగియుట దేహధర్మము. పాము కనబడినపుడు అది మనలను రక్షించును. కాని పాము పోయిన తరువాత గుండె నెమ్మదింపవలెను గదా! గడువు అను పాము పోదు. మాసముల తరబడి దేహము బిగిసియే యున్నచో నిద్ర చెడును, ఆకలి మందగించును, చిన్న మాటకు కోపము వచ్చును, దృష్టి చెదరును. సారువ మీద నిలిచిన మనుష్యునికి దృష్టి చెదరుట యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటికి వచ్చి మాటాడనివాడు కుటుంబముపై ప్రేమ లేక మాటాడడని పిల్లలు తలంపరాదు. దినమంతయు బిగబట్టిన నోరు సాయంత్రమునకు వెంటనే విప్పుకొనదు.

మేము కర్నూలులో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మా బస ప్రక్కనే మూడంతస్తుల భవనమొకటి లేచుచుండెను. ఒకనాడు రెండవ అంతస్తు స్లాబు వేయుచుండిరి. స్లాబు దినము కట్టడపువారికి పెండ్లి దినము వంటిది. ముహూర్తమునకు మొదలిడిన పిదప ఆగుటకు వీలులేదు. కారణమేమనగా, నీరు కలిసిన క్షణమునుండి సిమెంటు గట్టిపడు త్రోవ పట్టును. సామాన్యపు సిమెంటు అరగంటకు ముందు బిగియ మొదలిడరాదనియు, పది గంటలు దాటకుండ పూర్తిగా బిగియవలెననియు మన దేశపు ప్రమాణము. అందుచేత ముందు పోసిన కాంక్రీటు బిగియకమునుపే దాని ప్రక్కది పోయవలెను. ఆలస్యమైనచో రెండును ఒకటిగా కలియవు. నడుమ సన్నని అతుకు నిలిచి, నీరు కారుటకును బీట వచ్చుటకును తావిచ్చును.

ఆనాటి సాయంకాలము స్లాబు సగముపై వచ్చునప్పటికి కలుపు యంత్రము చెడెను. మరమ్మతుకు మనిషి దొరకలేదు. సైటు ఇంజనీరు మా యీడువాడే; ఇరువదినాలుగేండ్లుండును. అతడు ఉదయమునుండి ఏమియు తినలేదు. పైయధికారికి ఫోను చేయుటకు జంకి, ఫోను చేతబట్టుకొని మెట్లెక్కుచు దిగుచుండెను. కొంతసేపటికి గోడచాటునకు పోయి వాంతి చేసికొనెను. మేము కిటికీలోనుండి చూచుచున్నాము గాని ఏమి చేయుదుము! అప్పుడు తల నెరిసిన మేస్త్రీ యొకడు గాజు గ్లాసుతో టీ తెచ్చి యిచ్చి యిట్లనెను: "సారూ, ముందు ఇది తాగండి. ఆ నడిమి తావున పట్టీ కొట్టి ఆపుదాం. పొద్దున అంచు గరుకు చేసి, కడిగి, సిమెంటు పాలు పోసి మళ్ళా మొదలుపెడదాం. ఇట్లా నేను మూడు సైట్లలో ఆపినా. పెద్దసారుకు నేను కూడా చెప్తా."

మేస్త్రీ చెప్పినది ఊరడింపు మాత్రము కాదు, సరియైన విద్య. స్లాబును తెగగోయు బలము ఆధారముల దగ్గర ఎక్కువ, నడిమి భాగమున తక్కువ. ఆపక తప్పనిచో అచ్చట నిలువుగా చెక్కపట్టీ కొట్టి ఆపవలెనని పుస్తకములును చెప్పుచున్నవి. ఆ ఇంజనీరు ఈ సంగతి చదివియే యుండును. కాని భయపడిన వానికి చదివినది జ్ఞప్తికి రాదు. పరీక్ష గదిలో మన విద్యార్థులకు ఈ అనుభవము కలదు. ఫోను చేసినపిదప పైయధికారి కొంత కేకలు వేసెను, తరువాత మరునాటికి వేరొక యంత్రమును పంపెను. ఆ రాత్రి ఆ యువకుడు మేస్త్రీలతో గూడ నేలపై కూర్చుండి అన్నము తినుట చూచితిమి.

ఇందు మాకు బోధపడిన విషయమొకటి కలదు. ఇంటిని కట్టువారందరికిని తెలిసినదే: స్లాబు తన బరువును తాను ఉంచుకొనదు, దూలమున కిచ్చును. దూలము స్తంభమునకు, స్తంభము పునాదికి, పునాది భూమికి. ఎచ్చటనైనను దిగు త్రోవ మూసికొనిపోయినచో అచ్చట బీట పుట్టును. మనుష్యుని మనోభారమునకును ఇదే లెక్క. కట్టడపు పనివారిలో నిబ్బరముగా నిలిచినవారు మొండి గుండెవారు కారు. తమ బరువును వేళకు మరియొకరికి చెప్పినవారు, పనిని ముక్కలుగా పంచుకొనినవారు, తెలియనిదానిని తెలిసినవానిని అడిగినవారు. మగవాడు బాధను మ్రింగవలె ననుట మన ప్రాంతమున గొప్పగా చెప్పుకొందురు. ఈ మాట ఎందరి కుటుంబములకు చేటు చేసెనో లెక్కలేదు.

ఇందులకు దృష్టాంతము దూరమున వెదుకనేల? మన పొలములకు నీరిచ్చు తుంగభద్ర యున్నది. 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగి, 1953 నాటికి ఆనకట్ట నిలిచినది. ఒక గట్టున మదరాసు ప్రభుత్వము, వేరొక గట్టున హైదరాబాదు ప్రభుత్వము. నడుమ సుర్కీ గారతో లేచిన రాతి గోడ. అదే 1953లో అక్టోబరు 1న బళ్ళారి జిల్లా విభజింపబడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు పోగా మన సిరుగుప్ప మైసూరు రాష్ట్రమున చేరెను. సరిహద్దు మారినను కాలువ మారలేదు. దిగువకాలువ నేటికిని మన తాలూకాను తడిపి కర్నూలు సీమకు సాగుచున్నది.

ఆ ఆనకట్టకు 33 గేట్లు. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకొనిపోయెను. జలాశయము నిండియున్నది. ఆ యొక్క సందునుండియే సుమారు 35,000 క్యూసెక్కుల నీరు దూకుచుండగా, ఆనకట్టపై ఒత్తిడి తగ్గించుటకు మిగిలిన గేట్లను కూడ ఎత్తి ఇంకను ఎక్కువ నీటిని విడువవలసి వచ్చెను. నాట్లు వేసిన రైతుల గుండెలు ఆ వారమెట్లుండెనో మన గ్రామములలో నెవరిని అడిగినను చెప్పుదురు.

నిండు మట్టము సముద్రమట్టమునకు 1633 అడుగులు. గేటు అడుగుభాగము 1613 అడుగులు. నీటిని 1613 వరకు దించి, ఆ మీదట నెమ్మదిగా క్రొత్త గేటు బిగించుట సుఖమైన మార్గము. కాని అట్లు చేసినచో సుమారు 60 టి.ఎం.సి.ల నీరు నదిపాలగును. అనగా పంట పోవును. రెండవది, దూకుచున్న నీటిలోనే అడ్డుపలకలు దించుట. చిత్తూరు జిల్లాకు చెందిన గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారు ఈ రెండవ మార్గమును చూపిరి. అప్పటికి వారు ఏడు పదులు దాటినవారు; తుంగభద్ర స్టీలు సంస్థలో చిరకాలము పనిచేసి ఈ గేట్ల స్వభావమెరిగినవారు. 20 అడుగుల ఎత్తుగల అడ్డును ఒక్కమారుగా దించుట అసాధ్యము గనుక, నాలుగేసి అడుగుల ఎత్తున ఐదు ఉక్కు పలకలుగా చేయించిరి. మొదటి ప్రయత్నము ఫలింపలేదు. అడ్డంకులను తొలగించుకొని మరల పూనుకొనిరి. ఆగస్టు 16న మొదటి పలక దిగెను. 17వ తేదీ రాత్రికి ఐదును దిగి ప్రవాహము ఆగెను. జలాశయములో సగమునకు మించి నీరు నిలిచినది. ఆ యేటి వానలు మిగిలిన దానిని చాలవరకు పూరించినవి. తరువాత నిపుణుల సంఘము గేట్లన్నిటిని మార్చవలెనని సిఫారసు చేసెను.

ఆ వారము దినములు ఆనకట్టపై నిలిచిన పనివారి మనస్సులలో నేమి జరిగెనో మేము చెప్పజాలము. కాని పని జరిగిన తీరును గమనింపుడు. ఒక పెద్ద భయమును ఐదు చిన్న పనులుగా కోసిరి. ఒక పలక దిగినంతనే రెండవదానికి ధైర్యము దానంతట వచ్చును. తెలిసిన పెద్దను పిలిపించిరి; పదవీవిరమణ చేసినవారు గదా యని సంకోచింపలేదు. మొదటి వైఫల్యమును ఎవరి నెత్తినో రుద్దుటకు కూర్చుండక, అడ్డమేమున్నదో చూచిరి. కన్నయ్యనాయుడుగారి పేరు మనకందరికిని తెలిసినది. గొలుసులు పట్టినవారి పేర్లు, వెల్డింగు చేసినవారి పేర్లు మనకు తెలియవు. అదియు ఒక లోపమే. చేసిన పనికి తన పేరు ఎవరైన తలచుకొందురను తృప్తి మనోభారమును ఎంతో తగ్గించును.

అలసినపుడు విశ్రమించుట గూర్చి కూడ ఒక మాట. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆర్థరు కాటను పేరు తెలుగు పిల్లలు చిన్ననాడే విందురు. పని నడుమ 1848లో ఆయన ఆరోగ్యము చెడి, భారమును కెప్టెను ఆర్ అను వాని కప్పగించి ఆస్ట్రేలియాకు వెళ్ళెను. 1850లో గాని తిరిగి రాలేదు. ఆనకట్ట ఆగినదా? ఆగలేదు. కూలీలను కూర్చి పని నడిపిన వీణెం వీరన్న వంటి స్వదేశీయ ఉద్యోగి ఉండెను. అతని సేవను కాటను మిక్కిలి కొనియాడెను. కాటను అంతటివాడు సెలవు పెట్టగా లేనిది, మన మేస్త్రీ ఒకదినము జ్వరమునకు పడుకొనుట తప్పుగా నెంచుట వింత.

కాటను సేదతీరిన ఆ ఆస్ట్రేలియాలోనే, క్వీన్స్‌లాండు రాష్ట్రమున 2008లో "మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్" అను సంస్థ వెలసెను. కట్టడపు పనివారిలో ఆత్మహత్యలు మెండుగా నుండుట చూచి, పరిశ్రమవారును కార్మిక సంఘములును కలిసి దానిని నెలకొల్పిరి. వారి పద్ధతి మిక్కిలి సరళము. సైటుకు పోయి పనివారందరికి కొంతసేపు ఈ విషయము చెప్పుదురు. వారిలోనే కొందరు స్వచ్ఛందముగ ముందుకు వచ్చి మరికొంత శిక్షణ పొందుదురు. తోటివాడు తిండి మానినను, ఊరక చిరాకుపడినను, నడుముకు బెల్టు కట్టుకొనక ఎత్తెక్కినను, వారు దగ్గరకు పోయి "ఏమన్నా, బాగున్నావా?" అని యడిగి, అవసరమైనచో వైద్యునికి చేర్చుదురు. మన తల నెరిసిన మేస్త్రీ టీ గ్లాసుతో చేసిన పనియు ఇదియే గదా! అడిగినంత మాత్రమున చెడు తలపు పుట్టునని కొందరు భయపడుదురు, అది సరికాదు. అడిగినపుడే చెప్పుకొన వీలు కలుగును.

ఇప్పుడు పెద్ద సంస్థలు కొన్ని తమ సైట్లలో ఉదయము వ్యాయామము, ధ్యానము చేయించుచున్నవి. మంచిదే. కాని కూలి రెండు మాసములు నిలిపియుంచి ఊపిరి నెమ్మదిగా పీల్చుమని బోధించుట మాకు హాస్యాస్పదముగ దోచును. వేళకు వేతనము, త్రాగునీరు, మధ్యాహ్నపు టెండలో రెండు గంటల నీడ, నమ్మదగిన సారువ, ఇవి లేనిచోట ధ్యానము నిలువదు. ఇక సారాయి సంగతి. దినపు బడలికకు అది మందని మనవారిలో పలువురి నమ్మకము. త్రాగినవానికి నిద్ర పట్టినట్లుండునే గాని ఆ నిద్రలో విశ్రాంతి లేదు. తెల్లవారి చేయి వణకును. ఆ వణకుచేతితోనే అతడు నాలుగవ అంతస్తు సారువ ఎక్కవలెను.

మన పిల్లలు చేయదగిన సాయమును ఇందు కలదు. సైటులోని హెచ్చరిక బోర్డులు కన్నడమునందో, హిందీయందో, ఇంగ్లీషునందో ఉండును. తెలుగు మాత్రము చదువ నేర్చిన తండ్రి వాని ముందు నిరక్షరుడగును. కన్నడ లిపికిని మన లిపికిని అక్కచెల్లెండ్ర పోలిక. ఇంట నెలదినములు కూర్చుండి బడిపిల్లవాడు తండ్రికి ఆ భేదములు చూపినచో బోర్డు చదువగలడు. చదువలేని భయము కూడ భారమే. దరఖాస్తుల విషయమును అట్టిదే. 1996 నాటి కేంద్ర చట్టము ననుసరించి రాష్ట్రములలో కట్టడ కార్మికుల సంక్షేమ మండలులు ఏర్పడినవి. 18 నుండి 60 సంవత్సరముల లోపువారై, గడచిన పండ్రెండు మాసములలో 90 దినములు ఆ పని చేసినవారు నమోదుకు అర్హులని ఆ చట్టము నిర్ణయించెను. ప్రమాదమునకు, వైద్యమునకు, పిల్లల చదువునకు వానినుండి సాయము లభించును. మనవారు పలువురు నమోదు కాకుండుటకు పత్రము కన్నడములో నుండుటయు ఒక కారణము కావచ్చును. నిద్ర పట్టక, బ్రదుకు మీద విసుగు పుట్టినవారికి ప్రభుత్వపు టెలీ-మానస్ ఫోను 14416 కలదు. ఖర్చు లేదు, తెలుగులోను కన్నడములోను మాటాడవచ్చును. 2022 నుండి ఇది నడచుచున్నది. ఈ సంఖ్యను ఇంటి తలుపు లోపలివైపున సుద్దతో వ్రాసి పెట్టుడు.

రెండు వాక్యముల వ్యాసము వ్రాసిన ఆ బాలుడు దసరా సెలవులలో తన తండ్రి నమోదు పత్రమును తానే నింపి మాకు చూప తెచ్చెను. ఏ తావున ఎన్ని దినములు పనిచేసినది వ్రాయవలసిన గడి యొకటి యుండెను. ఆ తొంబది దినముల లెక్క తేలుటకు తండ్రీకొడుకులు అరుగుమీద చాలసేపు కూర్చుండవలసి వచ్చినదట. ఏ భవనము ఏ వీధిలో, ఎన్నవ అంతస్తు, ఎవరెవరు కూడ నుండిరి, వానలో పని ఎన్ని దినములాగెను, అన్నియు తండ్రి చెప్పెనట. పత్రములోని గడి చాలక అతడు వెనుకవైపున గూడ వ్రాసి తెచ్చెను.

నింపుకొనలేని తల్లిదండ్రులు శనివారము బడి విడిచిన పిమ్మట పాఠశాలకు వచ్చినచో మేము నింపి పెట్టుదుము. ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకపు నకలు, రెండు ఫొటోలు, పనిచేసిన దినములకు మేస్త్రీగాని కంట్రాక్టరుగాని యిచ్చిన ధ్రువపత్రము తెచ్చుకొనవలెను. దూరమున నున్నవారి తరఫున వారి పిల్లలు వచ్చినను సరియే.